ఘాటు రాని మిరపకాయలు

ముందు బలరాం నవ్వు గురించి చెప్పాలి. అది చెప్పకుండా మొదలుపెడితే గున్నమ్మని మీరు ఒట్టి చాదస్తపు మనిషి అనుకుంటారు. చాదస్తం లేదనను. ఉంది, కావలసినంత ఉంది. కాని దాని వెనకాల ఈ నవ్వుంది.

బలరాం నవ్వితే భిలాయి-3 పేటలో వాళ్ల వీధి మొత్తానికి తెలిసేది. కడుపులో ఎక్కడో మొదలై, భుజాల్ని కుదిపేసి, గొంతులో ఒక్క క్షణం ఆగి, ఆ మీదట ఒక్కసారిగా బయటపడేది. గూడ్సు బండి పోతున్నా దాని మీంచి వినబడేది. పక్కింటి బేబీ అది విని "బలరాం అన్నయ్య వచ్చేశాడు, ఇంక కుక్కరు పెట్టాల" అని లేచేది. అసలు గున్నమ్మ పెళ్లికి ఒప్పుకున్నదే ఆ నవ్వు విని. టెక్కలి దగ్గర వాళ్ల ఊళ్లో పెళ్లిచూపులప్పుడు గున్నమ్మ నాయనమ్మ, "ఏటి పని సేస్తావు బాబూ?" అని అడిగింది.

"ఇనప ముక్కలు అతికిస్తానమ్మా."

"మా గున్న మూతి ముడిసిందంటే ఓ పట్టాన ఇప్పదు. దానికేటి సేస్తావు మరి?"

అంతే, నవ్వాడు. చేతిలో కాఫీ గ్లాసు ఒలికి కొత్త ప్యాంటు మీద పడ్డా నవ్వు ఆపలేకపోయాడు. తలుపు వెనక నిలబడ్డ గున్నమ్మ కూడా పకపకా నవ్వేసింది. ఇంక ఆ సంబంధం గురించి ఎవరూ రెండో మాట మాట్లాడలేదు.

అలాంటి నవ్వు ఈమధ్య పోయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు నవ్వు చివర చిన్న దగ్గు తగులుకుంది. తర్వాత దగ్గు సగంలోనే వచ్చి మిగతా సగం నవ్వుని మింగేసింది. ఆ తర్వాత, మహానుభావుడు, నవ్వడమే మానేశాడు. ఎవరైనా హాస్యమాడితే పెదాలు కాస్త సాగదీసి ఊరుకుంటున్నాడు. దగ్గుకైతే మిరియాల కషాయం ఉంది, శొంఠి ఉంది, గున్నమ్మ ఏదో ఒకటి చేసుకునేది. ఆ సాగదీసిన పెదాలకి మందేమిటో ఆమెకి తోచలేదు.

బలరాం వెల్డరు. ఇండస్ట్రియల్ ఏరియాలో గురునాథరావుగారి షెడ్డులో పని. గురునాథరావుగారు ఉద్యోగమంతా సెక్టర్ 7 క్వార్టరులో గడిపి, ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరై, ఇంట్లో కూర్చుంటే తోచక ఈ షెడ్డు పెట్టుకున్నారు. మంచి మనిషి. మంచి బొజ్జ. నౌకర్లకి తన కంటే మంచి యజమాని భిలాయిలో లేడని ఆయనకి గట్టి నమ్మకం, అందుకు ఆయన చూపించే రుజువు బెల్లం. రోజూ సాయంత్రం పని దిగేటప్పుడు ప్రతి వెల్డరు చేతిలోనూ స్వయంగా ఇంతేసి బెల్లం ముక్క పెట్టేవారు. బెల్లం తింటే లోపలికి పోయిన పొగంతా కడిగేసుకుపోతుందని ఆ షెడ్డులో అందరూ నమ్మారు. ఎవరు కనిపెట్టారో ఏమో గాని, దేశంలో వెల్డింగు జరిగే చోటల్లా ఆ నమ్మకం ఉంది.

మొదట్లో గేట్లూ, రేకుల కప్పులకి చట్రాలూ చేసినన్నాళ్లూ బెల్లమే చాలినట్టుండేది. ఆ పనంతా ఆరుబయటే. పొగ తన దారిన తను పోయేది. ఆ తర్వాత నందిని గనుల వైపు నించి నీళ్ల ట్యాంకుల ఆర్డరొచ్చింది. ఒక్కొక్కటి పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది, మనిషి లోపల నిలబడొచ్చు. ఒక కొసన మనిషి దూరడానికి గుండ్రటి కన్నం. రెండో కొసన పైన గొట్టం బిగించడానికి ఇంకో చిన్న కన్నం, దానికి మూత. బలరాం లోపలికి దూరి, కూర్చుని, వంగి, పడుకుని అతుకులు వేయాలి. వెల్డింగు పొగ ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. అతనితోనే ఉంటుంది.

గురునాథరావుగారు దానికీ ఏర్పాటు చేశారు. పెద్ద కూలరు ఫ్యానొకటి మనిషి దూరే కన్నం దగ్గర పెట్టి లోపలికి గాలి కొట్టించారు. "మా వాడికి గాలాడాలి కదండీ" అని వచ్చినవాళ్లకి చూపించేవారు. ఫ్యాను రయ్యిమంటూ తిరిగేది. బలరాం తడి తుండుగుడ్డ మొహానికి కట్టుకుని పని చేసేవాడు. షెడ్డులో మూతికి పెట్టుకునే ముసుగులు ఒక పెట్టెడు ఉన్నాయి, గాని పెట్టె తెరిచిన పాపాన ఎవరూ పోలేదు.

"డాక్టరు దగ్గరికెల్దాం రాయ్యా" అని గున్నమ్మ అంటే వినడు.

"వెల్డరన్నాక దగ్గు రాదేటే? నీకు వంట చేస్తే చెమట పట్టదేటి?" అంటాడు.

గున్నమ్మ తనకి తెలిసిన దారిన ఆలోచించింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు, తింటున్నాడు, పనికి పోతున్నాడు, నవ్వొక్కటే పోయింది. నవ్వు మీద ఎవరి కన్నో పడింది. ఎవరిది? బేబీది. ఆ మధ్య వీధిలో అందరి ముందూ, "అన్నయ్య నవ్వుతుంటే స్టేషను దాకా ఇనబడతాది వొదినా" అనలేదూ? పాపం బేబీ ముద్దుగానే అంది. గున్నమ్మ మాత్రం ఆ రోజు నించి బేబీకి పెట్టే పెరుగు తోడు విషయంలో కూడా కొంచెం బిగించింది.

దిష్టి తీయడం మొదలుపెట్టింది. సాయంత్రం బలరాం స్నానం చేసి రాగానే గడప దగ్గర కూర్చోబెట్టి, ఊరి నించి తెచ్చుకున్న ఎండు మిరపకాయలు, రాళ్లుప్పు గుప్పిట పట్టి, తల చుట్టూ తిప్పి, వంటింట్లోకి పోయి పొయ్యి మీదున్న పాత ఇనప మూకుట్లో పడేసేది. మిరపకాయలు మాడి నల్లగా అయ్యేవి. ఘాటు రాదే! తెలుగింట్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు, దిష్టి లేకపోతే ఘాటుకి ఇల్లంతా దగ్గాలి. ఘాటు రాలేదంటే దిష్టి ఉన్నట్టే. మర్నాడు ఇంకాసిని మిరపకాయలు పెంచింది. ఘాటు రాలేదు. ఇంకా పెంచింది. అబ్బే.

"ఓలమ్మో, ఎంత దిష్టి తగిలిందే!" అని గున్నమ్మ గుండె బాదుకునేది.

కూతురు అమ్ము డ్యూటీ నించి తండ్రి తర్వాత వచ్చేది. ఐటీఐలో కరెంటు పని నేర్చుకుని, మోటార్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, నోట్లో హిందీ ముందు, తెలుగు తర్వాత. "మమ్మీ, యే సబ్ ఛోడో, ఇవన్నీ మానెయ్. నాన్నని డాక్టరుకి చూపించు" అని చెప్పులు విప్పుతూ అనేది. మాడిన మిరపకాయలు అప్పటికి చెత్తబుట్టలో ఉండేవి. అమ్ము వంటింట్లో ఏం జరుగుతోందో చూసి ఉంటే ఈ కథ అక్కడే తేలిపోయేది, గాని ఆడపిల్లలు తల్లుల వంటింట్లోకి తొంగి చూసే కాలమా ఇది? కంచం ముందుకి రావాలి, అంతే.

విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో ఆ రోజున ఏ మిషనూ తిరగదు. లేతు మిషన్లకీ, డ్రిల్లింగు మిషన్లకీ, చివరికి సుత్తికీ శానానికీ కూడా కడిగి బొట్టు పెట్టి బంతిపూలు కడతారు. పనివాళ్లు పెళ్లాం పిల్లల్ని తీసుకుని షెడ్డుకి వస్తారు. గున్నమ్మ కూడా గంధం రంగు చీర కట్టుకుని, అమ్ముని వెంటబెట్టుకుని వచ్చింది. బలరాం కొత్త చొక్కా వేసుకుని అందరికీ బూందీ పంచుతున్నాడు. అతనితో కలిసి పనిచేసే జితేంద్ర ఏదో హాస్యమాడాడు. బలరాం పెదాలు సాగదీశాడు. గున్నమ్మ చూసింది. ఆ పక్కనే, దండ వేసి ఉన్న ట్యాంకునీ చూసింది.

అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది. తిప్పుతున్నది తప్పు చోట. దిష్టి మనిషికి కాదు, ఈ ట్యాంకుకి ఉంది. దీని కడుపులో దూరినప్పటి నించే కదా ఆయనకి ఇలాగైంది!

"బాబుగారూ" అంది గురునాథరావుగారి దగ్గరికెళ్లి, "ఆ ట్యాంకికి లోపల్నించి దిష్టి తియ్యాల."

గురునాథరావుగారు అలాంటి వాటికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆర్డరు మొదలైన దగ్గర నించీ ఒకటే చిల్లర ఇబ్బందులు, ఆయనకీ లోపల ఏదో అనుమానంగానే ఉంది. "అంతకంటేనా అమ్మా, పూజరోజు, నేనే స్వయంగా తీస్తాను" అన్నారు. అమ్ము నుదురు కొట్టుకుంది.

ధూపం వేసిన మట్టి మూకుట్లో నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అది పట్టుకుని గురునాథరావుగారు పట్టుపంచె ఎగ్గట్టి ముందు దూరారు. దూరడానికే పెద్ద తతంగమైంది, బొజ్జ కన్నం కంటే కొంచెం ఉదారమైనది. వెనక బలరాం. వెనక గుప్పిట నిండా మిరపకాయలతో గున్నమ్మ. మూసిన ట్యాంకులోకి నిప్పులు పట్టుకుని ముగ్గురు దూరడం ఎంత తెలివితక్కువ పనో తర్వాత అమ్ము అరిచి అరిచి చెప్పింది, మీరెవరూ చేయకండి. అప్పుడు మాత్రం అందరూ భక్తిగా ఉన్నారు. లోపల వేడిగా ఉంటుందని జితేంద్ర ఎప్పటిలాగే కన్నం దగ్గర కూలరు ఫ్యాను వేశాడు.

గున్నమ్మ చెయ్యెత్తి ట్యాంకు గోడల వైపు తిప్పి, మిరపకాయలు నిప్పుల మీద వేసింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. "సూశారా బాబూ, ఇక్కడా రాలే—" అనబోయింది. మాట పూర్తి కాలేదు.

ఘాటు అంటే ఘాటు కాదది. కళ్లలో, ముక్కులో, గొంతులో ఒకేసారి నిప్పు పెట్టినట్టయింది. గురునాథరావుగారు మూకుడు కింద పెట్టేసి "ఓరి నాయనో" అన్నారు, అది దగ్గులో కలిసిపోయింది. పొగ పైకి లేచి, రెండో కొసకి పోయి, గోడకి కొట్టుకుని, తిరిగి వాళ్ల మీదికే వచ్చింది. ఫ్యాను లోపలికి తోస్తోంది, పొగకి పోయే దారి లేదు. బయట జితేంద్రకి దగ్గులు వినిపించాయి. పాపం మంచి కుర్రాడు. "హవా కమ్ పడ్ రహీ హై!" అని, గాలి చాలడం లేదనుకుని, ఫ్యాను స్పీడు ఆఖరి నంబరుకి తిప్పాడు. లోపల పొగ గిరగిరా తిరిగింది.

గురునాథరావుగారు కన్నంలో తల పెట్టారు. తల వచ్చింది. భుజాలొచ్చాయి. బొజ్జ దగ్గర ఆగిపోయారు. లోపల్నించి గున్నమ్మ "నెట్టయ్యా, బాబుగార్ని నెట్టు!" అని, యజమానీ గిజమానీ చూడకుండా తనూ రెండు చేతులూ వేసి తోసింది. అమ్ము పరిగెత్తుకొచ్చి ఫ్యాను ఆపేసింది. జితేంద్ర రెండు చేతులూ పట్టి లాగాడు. పట్టుపంచె సగం లోపలే ఉండగా ఆయన బయట పడ్డారు. ఆ వెనకే గున్నమ్మ, ఆఖర్న బలరాం.

గున్నమ్మ నేల మీద కూర్చుని నీళ్లు తాగి, కళ్లు కడుక్కుని, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఘాటు వచ్చింది. అంటే దిష్టి లేనట్టు. ఆ సంతోషం ఒక్క క్షణమే ఉంది. ఎందుకంటే ఆవిడ చాదస్తురాలే గాని మొద్దు కాదు. అవే మిరపకాయలు, ఒకే డబ్బాలోవి. ఇంట్లో ఇంతకి రెట్టింపు వేసినా ఎవరూ తుమ్మలేదు. ఇక్కడ చచ్చేంత పనైంది. ఇంట్లో ఏముంది, ఇక్కడ లేనిది?

పొయ్యి వెలిగించే ముందు అలవాటుగా చెయ్యి గోడ మీద స్విచ్చి మీదికి పోవడం ఆమెకి కళ్ల ముందు మెదిలింది. అమ్ము మొదటి జీతంతో బిగించిన ఫ్యాను. వంటింటి గోడకి చిల్లు పెడుతుందని గున్నమ్మ ఆ రోజు ఇల్లు పీకి పందిరేసింది. ఇప్పుడది లేకుండా పోపు కూడా వేయదు.

"ఓసి అమ్మూ" అంది నెమ్మదిగా, "మనింట్లో పొయ్యి మీదున్న ఫ్యాను గాలి లోపలికి కొడతాదా, బయటికి లాగేస్తాదా?"

"బయటికి లాగుతుంది. ఎక్జాస్ట్ కదా మమ్మీ."

"నేను దిష్టి తీసినప్పుడు అది తిరుగుతానే ఉండేదే."

అమ్ము తల్లి మొహంలోకి చూసింది. తర్వాత తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. "అంటే ఇన్నాళ్లూ మిర్చీ ధువాఁ, ఆ పొగ మొత్తం ఫ్యాను తినేసింది, నువ్వు దిష్టి అనుకున్నావా?"

"నవ్వు, నవ్వు! డబ్బాడు మిరపకాయలు మాడ్చేశాను." గున్నమ్మకి ఒళ్లు మండిపోయింది. కాని మరుక్షణం ఆ మంట ఇంకో వైపు తిరిగింది. ఎర్రబడ్డ కళ్లతో గురునాథరావుగారి వైపు చూసింది. "బాబూ, మేం ఇందాక ఎంతసేపున్నాం అందులో? ఊపిరి నాలుగు సార్లు తీసుంటాం. ఈయన రోజంతా ఉంటాడు. వెల్డింగు పొగ మిరపకాయల్లాగ ఘాటుగా ఉండదు, అందుకే మీకూ తెలీలేదు, ఆయనకీ తెలీలేదు."

గురునాథరావుగారు తుండుతో మొహం ఒత్తుకుంటూ, "నేను రోజూ బెల్లం పెడుతున్నాను కదమ్మా" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"పెట్టారు బాబూ, మీ చేతికి దండం పెడతాను. కాని బెల్లం నోట్లోకి పోద్ది, కడుపులోకి పోద్ది. పొగ ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి పోద్ది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి?"

ఆయన ట్యాంకు వైపు చూశారు. "ప్లాంటులో ఉన్నప్పుడు ఇలాంటి చోటికి మనిషిని దింపాలంటే నేనే ఎంత హడావిడి చేసేవాణ్ణి! గాలి చూసేవాళ్లం, బయట ఒకణ్ణి కాపలా పెట్టేవాళ్లం. నా సొంత షెడ్డుకొచ్చేసరికి ఆ బుద్ధంతా ఎక్కడ పోయిందో" అని తనని తనే తిట్టుకున్నారు. తర్వాత ఉత్సాహంగా లేచారు. "సరే, రేపే ఇంకా పెద్ద ఫ్యాను తెప్పిస్తాను. ఇంతకి మూడింతలు గట్టిగా కొట్టేది!"

"కొట్టొద్దు బాబూ!" అని తల్లీ కూతురూ ఒకేసారి అరిచారు. "లాగాల!"

అమ్ము సుద్దముక్క తీసుకుని ట్యాంకు మీదే బొమ్మ గీసి చెప్పింది. పొగ పుట్టే చోటే పట్టుకుని లాగేసే మిషను కావాలి, దానికి పొడుగాటి గొట్టం ఉండాలి, గొట్టం మూతి వెల్డింగు చేసే చోటికి దగ్గరగా పెట్టుకోవాలి. లాగినంత గాలి మళ్లీ లోపలికి రావాలి కాబట్టి రెండో కన్నం మూత తీసి ఉంచాలి. లోపల పనవుతున్నంతసేపూ బయట ఒక మనిషి కదలకుండా ఉండాలి. ముసుగు కూడా, పెట్టెలో ఉన్న ఆ గుడ్డ ముసుగులు కాదు, పొగని ఆపే జల్లెడ ఉన్నవి. గురునాథరావుగారు ప్రతిదానికీ తలూపారు.

అంతా బాగానే ఉంది, ఒక్క మనిషి తప్ప.

"గొట్టం కాళ్లకడ్డం పడతాది" అన్నాడు బలరాం ఇంటికి వచ్చాక. "ముసుగేసుకుంటే ఊపిరాడదు. అయినా పెళ్లాం చెప్పిందని ముసుగేసుకున్నాడంటారు షెడ్డులో. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేటే?"

గున్నమ్మ కంచం కింద పెట్టింది. మామూలుగా అయితే ఇలాంటప్పుడు నాలుగు కేకలేసేది. ఆ రోజు వేయలేదు. అతని ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"నన్ను నువ్వేటి చూసి చేసుకున్నావో నాకు తెలీదు. నేను నిన్ను నవ్వు చూసి చేసుకున్నాను. ఇంకేటీ చూడలేదు. మా నాన్న నీ జీతం అడిగాడు, మా అన్న నీ ఇల్లు అడిగాడు, నేను మాత్రం ఆ నవ్వు ఇన్నాను. నువ్వు నవ్వి ఎన్నాళ్లయిందో నీకు గుర్తుందా? నాకుంది. నువ్వు నవ్వబోతావు, దగ్గొస్తాదని భయపడి ఆపేస్తావు. నాకు తెలీదనుకున్నావా? నాకు అది కావాల. ముసుగేసుకుంటావో, గొట్టం మెళ్లో ఏసుకుంటావో నాకు తెలీదు. నా నవ్వు నాకు తెచ్చి ఇయ్యి."

బలరాం ఏదో తేలిక మాట అందామని నోరు తెరిచాడు, దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా గున్నమ్మ వీపు రాసింది. "సరే" అన్నాడు చివరికి. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం. అమ్ముని కూడా రమ్మను, నువ్వు అక్కడ దిష్టి గిష్టి అని పరువు తీస్తావు."

డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, మిషన్లోకి ఊదించి, గుండెల మీద గొట్టం పెట్టి విన్నాడు. పొగకి ఊపిరి గొట్టాలు వాచాయి గాని ఊపిరితిత్తులు ఇంకా చెడలేదన్నాడు. ఇంకొన్నాళ్లు అలాగే చేసి ఉంటే తను ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదని కూడా అన్నాడు. మందులు రాశాడు, కొన్నాళ్లు పొగ దరిదాపులకి పోవద్దన్నాడు. గురునాథరావుగారు మిషను వచ్చేదాకా ట్యాంకుల పనే ఆపేసి, బలరాంకి బయట కొలతలు తీసే పని ఇచ్చారు. దసరా గడిచింది. దగ్గు పలచబడి, అరుదై, ఒక రోజు గున్నమ్మకి గుర్తు చేసుకుంటే గాని గుర్తు రానంతగా పోయింది. బేబీకి మళ్లీ మంచి గడ్డ పెరుగు తోడు అందింది.

నవ్వు మాత్రం రాలేదు. అలవాటు తప్పిందో, భయం పోలేదో. గున్నమ్మ రోజూ చెవులు రిక్కించి వినేది. జితేంద్ర ఇంటికొచ్చి కోతి చేష్టలు చేసినా బలరాం పెదాలే సాగేవి. అడిగి తెప్పించుకునేది కాదు కదా నవ్వు. ఆమె ఎవరికీ చెప్పకుండా దిగులుపడేది.

దీపావళి ముందు మిషను వచ్చింది. చక్రాల మీద ఇంత పెట్టె, దానికి ముడతలు ముడతలుగా లావాటి గొట్టం. షెడ్డులో అందరూ దాన్ని చూసి మొదటి రోజే 'ఏనుగు' అని పేరు పెట్టేశారు. పెట్టె వెనక ఇంకో గొట్టం, లాగిన పొగ షెడ్డు వెనక కిటికీలోంచి బయటికి పోవడానికి.

"పరీక్ష చేయాలి" అన్నారు గురునాథరావుగారు. "గున్నమ్మ మిరపకాయలు తెస్తేనే నేను నమ్ముతాను."

గున్నమ్మ మిరపకాయలు తెచ్చింది. ఈసారి నిప్పులు లేవు, అమ్ము ఒప్పుకోలేదు. ట్యాంకు రెండో కన్నం మూత తీశారు. జితేంద్ర మనిషి దూరే కన్నం పక్కన స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. బలరాం కొత్త ముసుగు పెట్టుకుని, ఏనుగు తొండం పట్టుకుని లోపలికి దూరాడు. గురునాథరావుగారిని కూడా రమ్మంటే రెండు చేతులూ జోడించారు. "నాకు కిందటిసారి చాలు. నేను దూరంగా, వెనక వైపు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అయ్యాక పిలవండి" అని, టీ గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక్కి పోయారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఏనుగు హుమ్మని మొదలైంది. లోపల బలరాం ఒక అతుకు వేశాడు. నీలి మెరుపు వెలిగింది, పొగ లేచింది, లేచీ లేవకముందే తొండం వైపు వంగి అందులోకి పోయింది. గున్నమ్మ కన్నంలోంచి తల పెట్టి చూస్తోంది. బలరాం రాడ్డు పక్కన పెట్టి, ముసుగు కిందికి లాగి, గున్నమ్మ ఇచ్చిన మిరపకాయల్ని ఇంకా ఎర్రగా ఉన్న అతుకు మీద పడేశాడు. చిటపటలాడాయి. నల్లగా పొగలేచింది. అదీ తొండంలోకి పోయింది.

బలరాం గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "ఏటే గున్నా, ఏటీ రావట్లేదే! దిష్టి గట్టిగానే ఉన్నట్టుంది" అన్నాడు.

అదే సమయంలో షెడ్డు వెనక నించి ఒక కేక వినబడింది. కుర్చీ పడ్డ చప్పుడు, గ్లాసు పగిలిన చప్పుడు. తర్వాత గురునాథరావుగారు తుండు మొహానికి అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ, దగ్గుతూ, ఒక చెప్పుతో మూల తిరిగి వచ్చారు. సరిగ్గా ఆ కిటికీ కిందే వేసుకున్నారు కుర్చీ. "ఈ మిరపకాయలకి నేనే దొరుకుతానా!" అన్నారు, కళ్లు కనబడక ట్యాంకుని తడుముకుంటూ.

బలరాం కన్నంలోంచి తల బయట పెట్టి ఆయన్ని చూశాడు. పెదాలు సాగాయి. తర్వాత భుజాలు కదిలాయి. గొంతులో ఒక్క క్షణం ఆగింది. గున్నమ్మ కూడా ఊపిరి బిగపట్టింది.

వచ్చేసింది. ఆ నవ్వు మొత్తంగా, చివరిదాకా, ఎక్కడా తెగకుండా వచ్చింది. అతను నవ్వు ఆపుకోలేక మళ్లీ లోపలికి కూలబడ్డాడు, ట్యాంకు ఇనుమంతా గంటలా మోగింది. షెడ్డులో వాళ్లంతా పనులు ఆపేసి చూశారు. గురునాథరావుగారు కూడా తుమ్ముల మధ్య నవ్వడం మొదలుపెట్టారు.

గున్నమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆమెకి ఘాటు తగిలిందనుకుని జితేంద్ర కంగారుగా నీళ్ల సీసా అందించాడు. "భాభీ, మిర్చీ లగ్ గయీ క్యా?"

"మిరపకాయలు కావురా" అంది గున్నమ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "మీ భయ్యా నవ్వుతున్నాడు. ఊరుకో, విననియ్యి."